తలా ఒక అంకె

పెదనలో కలంకారి అద్దకం చేసే మార్కండేయులు ఆ రోజు పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటల బస్సుకి ఇంటిల్లిపాదీ బందరు వెళ్లాలి. అవనిగడ్డ నుంచి పెద్దల్లుడు దుర్గాశ్రీనివాస్ కూడా అక్కడికే వస్తాడు. అందరూ కలిసి ఏదో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, చిన్నమ్మాయి తనూజ పేరున కాలేజీవాళ్లు ఇచ్చిన స్టూడెంట్ అకౌంటు తెరిచి, ఇంజనీరింగులో ‘చేరుతున్నాను’ అని ఉన్నచోట నొక్కాలి. ఆ తరవాత హోటల్లో తలా ఒక పెసరట్టు తిని ఇంటికొచ్చి, బల్ల మీద సగంలో ఆపిన దుప్పటి అద్దకం పూర్తి చేసుకోవాలి.

సాయంత్రం అయిదు దాటితే సీటు వెయిటింగులో ఉన్నవాళ్లకి వెళ్లిపోతుందని కాలేజీవాళ్లు ముందే చెప్పారు. కానీ అయిదింటి దాకా ఆగేదెవరు? మార్కండేయులు పెళ్లికి వెళితే పందిరి వేసేవాళ్లకంటే ముందు వెళ్లి కూర్చునే రకం.

ఒక్క అకౌంటు తెరవడానికి ఇంతమంది ఎందుకని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఆ ఇంట్లో తనూజకి తప్ప ఇంకెవరికీ రాలేదు.

కాలేజీ ఆఫీసులో తనూజకి ఒక చిన్న అట్టముక్క ఇచ్చారు. సెల్‌ఫోన్ రీచార్జి కార్డులాంటిదే. దాని మీద వెండి రంగు పూసిన నాలుగు గళ్లున్నాయి. గోటితో గీకితే ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అంకె బయటపడుతుంది. నాలుగూ కలిపితే పిన్ను. వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. కార్డు ఇచ్చిన గుమాస్తా కళ్లజోడు సర్దుకుని, “ఈ పిన్ను ఎవరికీ చెప్పకూడదండీ. ఎక్కడా రాసుకోకూడదు. ఒక్కడికి తెలిసిందంటే ఊరందరికీ తెలిసినట్టే” అన్నాడు.

మార్కండేయులు గుండెలో ఆ మాట గునపంలా దిగింది. ఎందుకంటే వాళ్ల వీధిలోనే రాజారత్నంగారబ్బాయి నిరుడు తన పిన్ను స్నేహితుడికి చెప్పాడు. ఆ స్నేహితుడు సరదాకి అకౌంటు తెరిచి ‘చేరడం లేదు’ అని నొక్కేశాడు. రాజారత్నంగారబ్బాయి ఏడాదంతా ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకున్నాడు. మార్కండేయులు వంశంలో అచ్చు పట్టినవాళ్లు, మగ్గం మీద కూర్చున్నవాళ్లు ఉన్నారు గాని, కాలేజీ గడప తొక్కినవాళ్లు ఇంతవరకూ లేరు. తనూజే మొదటిది. ఆ సీటు మీద ఆయన ప్రాణాలు పెట్టుకున్నాడు. దాన్ని ఎవడో ఒక ఆకతాయి ఒక్క మీటతో ఎగరేసుకుపోతాడంటే ఆయనకి అన్నం సయించలేదు.

ఆలోచించి ఆలోచించి ఆదివారంనాటికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఒక్కడికి తెలిస్తే ఊరందరికీ తెలిసినట్టే. కాబట్టి ఆ ఒక్కడికి కూడా తెలియకూడదు.

“అంటే?” అంది భార్య సుబ్బులమ్మ.

“తలా ఒక అంకె. నాలుగు ముక్కలు చేస్తాను. ఎవరిది వాళ్లు చూసుకుని, బుర్రలో పెట్టుకుని, ముక్క కాల్చేయడం. ఒకరిది ఒకరికి చెప్పకూడదు. మొగుడూ పెళ్లాలైనా సరే. ఇక దొంగ వచ్చాడే అనుకో, నలుగుర్నీ పట్టుకోవాలిగా!”

మొదటి ముక్క ఇంటి యజమానిగా తనకి. రెండోది సుబ్బులమ్మకి. మూడోది అక్క నాంచారమ్మకి. ఆవిడ తమ్ముడింట్లోనే ఉంటుంది. ఆవిడ నోరు దాటి రహస్యం బయటికి రావడం జరగదు, ఎందుకంటే ఆవిడ చెప్పడం మొదలుపెడితే అసలు సంగతికి వచ్చేలోపు వినేవాళ్లు లేచి వెళ్లిపోతారు. నాలుగోది, ఆ పూట భోజనానికి వచ్చిన పెద్దల్లుడు దుర్గాశ్రీనివాస్‌కి. ఇంటి అల్లుడికి ఇంటి తాళంచెవి ఇచ్చినంత గౌరవం చేశానని మార్కండేయులు పొంగిపోయాడు.

“అకౌంటు నాది కదా నాన్నా, నాకు ఒక్క అంకె కూడా లేదా?” అంది తనూజ.

“నీది కాబట్టే నీకు తెలియకూడదమ్మా. దొంగెవడైనా ముందు నిన్నేగా అడిగేది!”

లెక్కల్లో స్కూలుకి మొదట వచ్చిన తనూజకి ఇందులో తప్పెక్కడుందో వెంటనే దొరకలేదు. దొరికేలోపు ఆయన బట్టలు కత్తిరించే పెద్ద కత్తెరతో కార్డుని నాలుగు ముక్కలు చేసేశాడు.

నలుగురూ నాలుగు మూలలకి వెళ్లారు. మార్కండేయులు అచ్చులు దాచే గదిలో తలుపు వేసుకుని, దేవుణ్ణి తలచుకుని, గోటితో గీకాడు.

సున్నా వచ్చింది.

ఆయనకి నిజంగా బాధ కలిగింది. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఇన్ని అంకెలుంటే, ఇంటి యజమానికి గుండుసున్నానా? అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా సున్నాయే. కాసేపటికి, పోనీలే, ఎవరో ఒకరికి రావాల్సిందే కదా, నాకు రాబట్టే మిగతావాళ్లకి మంచివి వచ్చి ఉంటాయని సరిపెట్టుకున్నాడు. ముక్కని బట్టలుడుకుతున్న రాగి డేగిసా కింద మంటలో పడేసి, తొమ్మిది వచ్చినవాడిలా మీసం దువ్వుకుంటూ బయటికి వచ్చాడు.

సుబ్బులమ్మ వంటింట్లోంచి మూతి బిగించుకుని వచ్చింది. నాంచారమ్మ దేవుడి గదిలోంచి వచ్చి మూలకి తిరిగి కూర్చుంది. దుర్గాశ్రీనివాస్ పెరట్లోంచి వచ్చినప్పుడు ఆయన మొహం చూస్తే ఎవరో లాగి కొట్టినట్టుంది. కాఫీ కూడా తాగకుండా భార్య గాయత్రిని లేవదీసి, “పద, మనింటికి పోదాం” అన్నాడు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. వంకాయ కూరలో కారం ఎక్కువైందని సుబ్బులమ్మ, పీట వేయడం ఆలస్యమైందని నాంచారమ్మ, తలో కారణం చెప్పుకున్నారు.

ఇదీ జరిగిన సంగతి. ఇక ఆ రోజు పొద్దున, అందరూ బస్సుకి తయారై గుమ్మంలో నిలబడేసరికి ఫోన్ మోగింది. గాయత్రి.

“నాన్నా, ఈయన రానంటున్నారు.”

“రానంటే?”

“రారట. ఆదివారం నుంచీ సరిగ్గా తిండే తినడం లేదు. ‘మీ పుట్టింటివాళ్ల దృష్టిలో నా విలువెంతో తెలిసిపోయింది’ అంటున్నారు. ఏవైందంటే చెప్పరు. రహస్యవట.”

మార్కండేయులు బుర్రలో దీపం వెలిగింది. అల్లుడికి ఇచ్చింది నాలుగో ముక్క. చివరిది! అందరికీ ఇచ్చాక మిగిలింది ఇచ్చారని కష్టపెట్టుకున్నాడన్నమాట. ఇంతేనా? ఒక్క మంచి మాటతో పోయేదానికి ఇంత రాద్ధాంతమా?

“ఫోన్ ఆయనకియ్యమ్మా. అల్లుడుగారూ, మీరు తప్పుగా అనుకుంటున్నారు. మీకిచ్చింది ఏవన్నా తక్కువదనుకున్నారా?”

అవతల కుర్చీ కిర్రుమంది.

“మా అందరిదీ ఒక ఎత్తు, మీదొక ఎత్తు. నిజానికి మీ విలువకి తగ్గట్టే ఇచ్చాను. మీరు ఎలాంటివారో ఆలోచించే, అది మీకు ఎంచి మరీ ఇచ్చాను!”

“ఎంచి మరీ ఇచ్చారా?”

“మరి! ఇంకెవరికిచ్చినా అంత అతికినట్టు ఉండదు!”

ఫోన్ కట్టయింది. బహుశా సిగ్నల్ పోయి ఉంటుందని మార్కండేయులు మళ్లీ చేశాడు. ఈసారి గాయత్రి ఎత్తి, “నాన్నా, ఏం చెప్పారు మీరు? సెల్‌ఫోన్ తీసి బియ్యం డబ్బాలో పడేశారు!” అని గొణిగింది.

ఆ నాలుగో అంకె లేకుండా పని కాదు. బందరు బస్సు వాళ్ల కళ్ల ముందే వెళ్లిపోయింది. తనూజ మెల్లిగా, “నాన్నా, కాలేజీకి వెళ్లి పిన్ను పోయిందని చెప్తే ఇంకోటి ఇస్తారేమో” అంది.

“నువ్వూరుకో! పెదనవాళ్లు ఇచ్చిన పిన్నుని పారేసుకున్నారని బందరంతా చెప్పుకోవడానికా? అల్లుడుగార్ని బతిమాలుకోవడానికి నాకేం నామోషీ లేదు. అవనిగడ్డ వెళ్దాం. అందరం వెళ్దాం. అక్కడ లేదా ఏం ఇంటర్నెట్టు!”

పక్కవీధి రాజబాబు ట్రాలీ ఆటో మాట్లాడారు. నాంచారమ్మ ముందు సీట్లో రాజబాబు పక్కన కూర్చుంది. మిగతా ముగ్గురూ వెనకాల దుప్పట్ల మూట మీద కూర్చున్నారు. సుబ్బులమ్మ ఒళ్లో ఒక స్టీలు డబ్బా, నాంచారమ్మ ఒళ్లో ఒక కేరేజీ.

బందరు దాటాక ఆటో ఒకసారి ఆగిపోయింది. రాజబాబు దిగి దాన్ని తిట్టాడు, తరవాత తట్టాడు, చివరికి తోశాడు. అది కదిలి చల్లపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ ఆపించి మార్కండేయులు ఒక సంచీడు బత్తాయిలు కొన్నాడు. అలిగిన అల్లుడి దగ్గరికి చేతులూపుకుంటూ వెళ్లకూడదు కదా.

“ఇంతకీ ఆయనకి ఏ అంకె వచ్చుంటుందంటారు?” అంది సుబ్బులమ్మ బత్తాయిలు అందుకుంటూ, యథాలాపంగా.

“తప్పు సుబ్బులూ! అడక్కూడదు.”

“అదికాదండీ. మీకు మంచిదే వచ్చుంటుంది, మొదటిది కదా.”

“నాకా? ఆ... దివ్యంగా ఉంది. నీకు?”

“నాకూ నిండుగా ఉందిలెండి” అని సుబ్బులమ్మ అటు తిరిగి వరిచేలకేసి చూసింది. ఆవిడకి మంచి అంకె వచ్చినందుకు మార్కండేయులు సంతోషించాడు. కొంచెం కుళ్లుకున్నాడు కూడా.

అవనిగడ్డలో దుర్గాశ్రీనివాస్ వసారాలో పడక్కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఆ రోజు బట్టల కొట్టు కూడా తెరవలేదట. మావగారు వచ్చినా పేపరు దించలేదు. గాయత్రి గుమ్మంలోంచి, ఎలాగైనా మీరే సర్దుకోండి అన్నట్టు దండం పెట్టింది.

సుబ్బులమ్మ రంగంలోకి దిగింది. ఆవిడకి అల్లుడంటే నిజమైన ఆపేక్ష. రాత్రి మినుములు వేయించి, విసిరి, కమ్మటి నెయ్యి పోసి, చేతులు కాలుతున్నా వేడివేడిగా చుట్టి తెచ్చింది. డబ్బా మూత తీసి ఆయన పేపరు కిందికి జరిపింది.

“మీకిష్టమని తెచ్చాను బాబూ.”

“ఏవిటవి?”

“సున్నుండలు!”

పేపరు కిందికి దిగింది. దుర్గాశ్రీనివాస్ డబ్బాలోకి చూశాడు. మళ్లీ అత్తగారి మొహంలోకి చూశాడు.

“సున్న... ఉండలు” అన్నాడు, ఒక్కొక్క ముక్కా విడదీసి. “ఒకటి ఇచ్చింది చాలక, డబ్బా నిండా తెచ్చారన్నమాట.”

“ఇంకా కావాలంటే మళ్లీ చేస్తాను బాబూ! మీకెన్నయినా...”

మార్కండేయులుకి వ్యవహారం చెడుతోందని అర్థమైంది గాని, ఎక్కడ చెడుతోందో అర్థం కాలేదు. గబగబా బత్తాయిల సంచీ బల్ల మీద బోర్లించాడు. అవి దొర్లుకుంటూ వెళ్లి అల్లుడి కాళ్ల దగ్గర వరసగా ఆగాయి.

“ఇవీ గుండ్రంగానే ఉన్నాయి” అన్నాడు దుర్గాశ్రీనివాస్.

“బత్తాయిలు గుండ్రంగానే ఉంటాయి కదండీ అల్లుడుగారూ...”

“ఉండండర్రా, మీ ఇద్దరికీ మర్యాద చేయడం చేతకాదు” అని నాంచారమ్మ ముందుకొచ్చి కేరేజీ తెరిచింది. “అబ్బాయ్, తెల్లారగట్ల లేచి నా చేత్తో వేశాను. కరకరలాడుతున్నాయి, ఒకటి తిను.”

గారెలు.

దుర్గాశ్రీనివాస్ ఒక గారె తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. “దీనికి మధ్యలో చిల్లు కూడా పెట్టారు. ఎక్కడా అనుమానం మిగలకుండా!” అని, గారెని మళ్లీ కేరేజీలోనే పెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

గడియారంలో నాలుగు కొట్టింది. మార్కండేయులుకి అప్పటిదాకా లేని భయం ఒక్కసారిగా పట్టుకుంది. చెమట్లు పోశాయి. బిడ్డ సీటుని దొంగల బారి నుంచి కాపాడబోయి తన చేతులతో తనే గోతిలో తోశానా అనిపించింది. రాజారత్నంగారబ్బాయికి స్నేహితుడు చేసిన పనే తన కూతురికి తను చేశాడు. కుర్చీలో కూలబడి కండువాతో మొహం కప్పుకున్నాడు.

తనూజ వెళ్లి తలుపు తట్టింది.

“బావగారూ, మీరు బయటికి రానక్కర్లేదు, ఒక్క మాట చెప్తాను. మా వాళ్లు మీకేం చేశారో నాకు తెలీదు. ఏదో పిచ్చిపనే చేసుంటారు. మీరు కోప్పడండి. కానీ కోపం రేపు కూడా ఉంటుంది బావగారూ. నా సీటు రేపుండదు.”

లోపల గడియ తీసిన చప్పుడైంది. దుర్గాశ్రీనివాస్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు.

“నీ చదువు కోసం వస్తున్నాను తనూజా. ఇంకెవరి కోసం కాదు. నా ముక్క నేను నొక్కేసి వచ్చేస్తాను. సున్... సున్నితంగా చెప్తున్నాను, ఆ తరవాత నన్నెవరూ ఏ పనికీ పిలవకండి.”

బస్టాండు దగ్గర విల్సన్ అనే ఆయన ఇంటర్నెట్ సెంటర్ ఉంది. అందరూ ట్రాలీ ఆటోలోంచి దిగి ఒక్కసారిగా లోపలికి చొరబడేసరికి ఆయన తనిఖీకి ఎవరో వచ్చారనుకుని లేచి నిలబడ్డాడు. తనూజ కాలేజీ పేరు చెప్పింది.

“ఓ, ఆ కాలేజీయా అండీ? ఇలా కూర్చోండి. దాని పిన్ను సంగతి...”

“పిన్ను మాట ఎత్తకండి!” అని మార్కండేయులు అరిచాడు. “మీరు దయచేసి బయటికి వెళ్లండి.”

“ఇది నా సెంటరండీ.”

“తెలుసండీ. ఓ అయిదు నిమిషాలు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, రోడ్డుకేసి చూస్తూ నిలబడండి. ఇటు తిరిగితే మా అమ్మాయి మీద ఒట్టు!”

విల్సన్ ఏదో చెప్పబోయాడు. నాంచారమ్మ ఆయన్ని భుజం పట్టుకుని బయట నిలబెట్టి వచ్చింది.

పద్ధతి ఖరారైంది. తనూజ కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని ఎంటర్ మీట మీద వేలు పెట్టుకుంటుంది. నలుగురూ వరసగా వచ్చి ఎవరి అంకె వాళ్లు నొక్కాలి. ఒకరు నొక్కుతుంటే మిగతావాళ్లు గోడకేసి తిరగాలి. ఆఖరివాళ్లు ‘అయింది’ అనగానే తనూజ ఎంటర్ నొక్కుతుంది. తెర మీద నక్షత్రాలే తప్ప అంకెలు కనబడవు కాబట్టి భయం లేదు.

మార్కండేయులు నొక్కాడు. సుబ్బులమ్మ నొక్కింది. నాంచారమ్మ వంగి, మీటలన్నీ వెతికి, “ఆఁ, దొరికావా!” అని నొక్కింది. దుర్గాశ్రీనివాస్ వచ్చి నొక్కి, “అయింది” అన్నాడు.

తప్పు అంది కంప్యూటరు. మూడుసార్లు తప్పితే అకౌంటు మూసుకుపోతుందని కూడా కింద ఎర్రటి అక్షరాల్లో వేసింది.

“ఎవరో తప్పు నొక్కారు” అన్నాడు మార్కండేయులు.

“నేను కాదు” అంది సుబ్బులమ్మ. “నాకు బాగా గుర్తుంది, మర్చిపోదామన్నా మర్చిపోలేను.”

“నాదసలు తప్పడానికేముంది అందులో!” అన్నాడు దుర్గాశ్రీనివాస్ చేదుగా.

“నాది కళ్లకి కట్టినట్టుంది” అంది నాంచారమ్మ.

ఎవరిది వాళ్లకి నిక్కచ్చిగా తెలుసు కాబట్టి రెండోసారి కూడా ఎవరి మీట వాళ్లు అదే నొక్కారు. కంప్యూటరు కూడా అదే జవాబు చెప్పింది. ఇంకొక్క అవకాశం మిగిలింది. బయట గోడ దగ్గర నుంచి విల్సన్, “ఏవండీ, నేను చెప్పేది ఒక్కసారి...” అన్నాడు. “తిరక్కండి!” అని నలుగురూ ఏకకంఠంతో అరిచారు. అంత సఖ్యత ఆ కుటుంబంలో ఆదివారం తరవాత అదే మొదలు.

గడియారం అయిదుకి దగ్గరపడింది. తప్పు తనదేనేమోనని మార్కండేయులుకి అప్పుడు తోచింది. తను తేలిగ్గా తాకి వదిలేశాడు. అచ్చు అలా తాకి వదిలేస్తే బట్టకి రంగు అందుతుందా? ఇన్నేళ్ల పనిలో ఆయన ఎన్నడూ అలా చేయలేదు. అచ్చు దించాలి, అదమాలి, రంగు పట్టేదాకా ఆగాలి, అప్పుడు ఎత్తాలి. కళ్లు మూసుకుని, సున్నా మీద బొటనవేలు పెట్టి, బలమంతా పెట్టి అదిమాడు. మనసులోనే మార్కండేయస్వామికి దండం పెట్టుకున్నాడు. రంగు బాగా పట్టిందనిపించాక వేలు ఎత్తి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, “అమ్మయ్య, అయింది!” అన్నాడు.

అయింది అనడం వినగానే తనూజ ఎంటర్ నొక్కేసింది.

“నేనింకా నొక్కలేదే!” అని సుబ్బులమ్మ కెవ్వుమంది. అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. మూడో అవకాశం కూడా పోయింది. మార్కండేయులు నోటి వెంట వచ్చిన ఒక్క మాటతో బిడ్డ సీటు పోయింది.

“నాన్నా” అంది తనూజ, తెరకేసి చూస్తూ. “తెరుచుకుంది.”

తెర నిండా నీలం రంగు. పైన తనూజ పేరు, పక్కనే ఫొటో. కింద ‘చేరుతున్నాను’ అనే పచ్చటి గడి. మార్కండేయులు తెరని, తన బొటనవేలిని మార్చి మార్చి చూసుకున్నాడు.

ముందు తేరుకున్నది సుబ్బులమ్మ. “నా అంకె లేకుండా ఎలా తెరుచుకుంది? ఏవండీ! నా ముక్క మీరు దొంగతనంగా చూశారా?”

“నేనా! నీ అంకె నాకెందుకే?”

“మరి నాది? నేను దేవుడి గదిలో చూసుకున్నాను, అక్కడికి కూడా వచ్చావట్రా?” అంది నాంచారమ్మ.

దుర్గాశ్రీనివాస్ గోడకి చేరగిలబడి నవ్వాడు. అది నవ్వు కాదు. “ఇంకెందుకండీ దాచుకోవడం! నాది లేకుండానే తెరుచుకుంది. తెరుచుకోదా మరి? నాకిచ్చింది సున్నా. అది ఉంటే ఎంత, లేకపోతే ఎంత? ఎంచి మరీ ఇచ్చారటగా!”

మార్కండేయులు అల్లుడికేసి ఒక అడుగు వేశాడు.

“మీకు సున్నా వచ్చిందా?” అన్నాడు మార్కండేయులు. “మీకెలా వస్తుందండీ, సున్నా నాకైతేను!”

“అదేవిటి, సున్నా నాది కదా!” అంది సుబ్బులమ్మ. “మీ అందరికీ పెద్దపెద్దవి వచ్చాయనుకుని నాలుగు రోజులు కుమిలిపోయాను!”

నాంచారమ్మ కీబోర్డు మీదికి వంగింది. “నాదీ గుండ్రటిదేరా. ఇదిగో, దీన్నే నొక్కాను రెండుసార్లూ” అని వేలు పెట్టి చూపించింది. ఆవిడ చూపించింది ఇంగ్లీషు అక్షరాల వరసలో పీ పక్కన ఉన్న ఓ.

మీట అదిమి పట్టుకుంటే అదే అంకె మళ్లీ మళ్లీ పడుతుందని, నలుగురి సున్నాలూ నాన్న బొటనవేలే నొక్కేసిందని తట్టి తనూజకి ముందు నవ్వొచ్చింది. తరవాత గాయత్రికి. ఆ తరవాత ఎవరు ఎవరి భుజం మీద పడి నవ్వారో తెలియదు. రోడ్డు మీద రాజబాబు ఆటో దిగి పరుగెత్తుకొచ్చాడు. దుర్గాశ్రీనివాస్ కళ్ల నీళ్లు తుడుచుకుని, “మావయ్యగారూ, నన్ను క్షమించండి. సున్నుండలు మిగిలాయా?” అన్నాడు. మార్కండేయులు ఆయన రెండు చేతులూ పట్టుకుని, “మన నలుగురం ఒక్కటేనండీ అల్లుడుగారూ, ఒక్కటే!” అన్నాడు. ఆ సంగతి ఆయన అంత సంతోషంగా ఎప్పుడూ చెప్పలేదు.

“సీటు! ముందు సీటు!” అని గాయత్రి అరిచేసరికి అందరికీ గుర్తొచ్చింది. తనూజ పచ్చటి గడి మీద నొక్కింది. ప్రవేశం ఖాయమైందని, క్లాసులు ఎప్పుడు మొదలో కింద పడింది. చదివి వినిపించమని మార్కండేయులు రెండుసార్లు అడిగాడు. రెండోసారి వింటున్నప్పుడు ఆయన కళ్లు నిండాయి. కండువా అప్పటికే తడిసిపోయి ఉండటంతో సుబ్బులమ్మ తన కొంగు ఇచ్చింది.

“ఇప్పుడు ఇటు తిరగొచ్చాండీ?” అని బయట నుంచి వినబడింది.

విల్సన్ లోపలికి వచ్చి మెడ పట్టుకుని అటూ ఇటూ తిప్పుకున్నాడు. “ఇందాకట్నుంచి చెప్దామనే చూస్తున్నానండీ. పొద్దున్నుంచి ఆ కాలేజీ పిల్లలు చాలామంది వచ్చారు. కార్డులు అచ్చేసినవాడెవడో అన్నిటికీ నాలుగు సున్నాలే కొట్టేశాడట. తెరవగానే కొత్తది పెట్టుకోమని వెనకాల రాశారుగా. వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పలేక గుమ్మం పక్కన పలక మీద పెద్దక్షరాలతో రాసి తగిలించాను. మీరేమో నన్ను సరిగ్గా దానికే ఆనించి నిలబెట్టారు.”

అందరూ బయటికి వెళ్లి చూశారు. సున్నాలు నాలుగూ సుద్దముక్కతో గుమ్మడికాయలంత ఉన్నాయి. కొంత విల్సన్ చొక్కాకి అంటుకుంది గాని, రోడ్డవతల సోడాకొట్టు దాకా కనిపిస్తూనే ఉన్నాయి.

“ఒకే అచ్చుతో అన్నీ లాగించేశాడన్నమాట” అన్నాడు మార్కండేయులు వృత్తిరీత్యా బాధపడుతూ. “ఇలా అద్దితే నా దగ్గర ఒక్కడు దుప్పటి కొనడు.”

లోపల కంప్యూటరు కొత్త పిన్ను అడుగుతోంది. నలుగురూ మళ్లీ చుట్టూ మూగారు. ఈసారి పెద్ద అంకె తనకే కావాలని నాంచారమ్మ ముందుగానే చెప్పేసింది. తనూజ కుర్చీ వెనక్కి తిప్పి అందరికేసీ చూసింది.

“నాన్నా, అత్తయ్యా, అమ్మా, బావగారూ, అక్కా. అందరూ బయటికి వెళ్లి పలక దగ్గర నిలబడండి. ఇటు తిరిగితే నా మీద ఒట్టు.”

మారుమాట లేకుండా అందరూ వెళ్లి నిలబడ్డారు. అందరికంటే ముందు కళ్లు మూసుకున్నది మార్కండేయులే.

తనూజ ఆ రోజు పెట్టుకున్న పిన్ను ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడు వారాలు తిరిగేసరికి తనూజకి కూడా తెలియదు.